ఆయిల్ ముల్లు

మా బాబాయి పాత స్పోర్ట్స్ కారులో ఇంజన్ ఆయిల్ వేడెక్కేలోపు రెండు రాజ్యాలు కూలి మూడోది లేస్తుంది. అబద్ధమైతే అరగుండు కొట్టించుకుంటాను. నీళ్ల వేడి చూపే ముల్లు ఎంత తొందరగా లేచినా ఆయన నమ్మడు. ఆయిల్ ముల్లు ఎనభై తాకేదాకా, సైకిళ్లు దాటిపోతున్నా సరే, యాక్సిలరేటర్ మీద బొటనవేలే ఆనిస్తాడు. "చల్లటి ఆయిల్ మీద తొక్కితే ఇంజన్ చస్తుందిరా" అని నేర్పింది పెదనాన్నే. ఆ పెదనాన్నే ఒకరోజు ఈ కారు కోసం తమ్ముడితో పోట్లాడి, "నువ్వే ఊరేగు" అని తాళాలు విసిరేసి రైల్వే స్టేషనుకు వెళ్లిపోయాడు. బతిమాలి వెనక్కి తెద్దామని బాబాయి ఇదే కారులో బయల్దేరాడు, అలవాటు ప్రకారం మెల్లగానే. పెదనాన్న మళ్లీ రాలేదు. ఇప్పటికీ ముల్లు ఎనభైకి చేరగానే బాబాయి చేతి గడియారం చూసుకుంటాడు. నేను రాజ్యాల కథ ఎత్తుకుంటే మాత్రం ఊరుకోడు.

"రాజ్యాలూ లేవు, గీజ్యాలూ లేవు. పన్నెండు నిమిషాలు పడుతుంది. అన్నయ్య రైలు పదో నిమిషానికే కదిలిపోయింది."