సారు పెట్టె అక్క బల్ల మీదకి వెళ్ళిన రోజు

మా నాన్న ఖడగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చక్రాలు బిగించినోడు. మేముండే న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో ఎవరైనా "మీవోడు ఏటి సేస్తన్నాడు?" అని అడిగితే, "ఆఫీసులో కంప్యూటర్లకి తాళాలేస్తాడు" అని చెప్పేవోడు. నాకు ఒళ్ళు మండిపోయేది. కానీ నా ఉద్యోగం గురించి అంతకంటే సరిగ్గా నేను కూడా చెప్పలేను.

విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీ. దాని ఆఫీసులో నలభై కంప్యూటర్లు. మూలగదిలో కూర్చుని నేనొక్క సెట్టింగు మార్చితే నలభై బ్రౌజర్లూ మారిపోతాయి. తెరవగానే ఏ పేజీ రావాలి, ఏ సైటు రాకూడదు, పాస్‌వర్డులు దాచుకోవచ్చా లేదా, అన్నీ అక్కణ్ణుంచే. మూడు తరాలుగా ఒకరి కింద పనిచేసిన ఇంట్లో ఇంత అధికారం ఎవరికీ రాలేదు. మొదటి ఆరునెలలూ నా నడకే మారిపోయినాది. మా అమ్మ నడుం పట్టేసిందేమో అనుకుని తైలం రాసింది.

మీట నా చేతిలో ఉన్నా హుకుం మాత్రం మేనేజర్ సారుది. మొదటి హుకుం: బ్రౌజర్ తెరిస్తే సారు ఫొటో రావాలి. కింద క్రమశిక్షణ మీద ఆయనే రాసుకున్న నాలుగు ముక్కలు. ఎవరూ దాన్ని మార్చుకోడానికి లేదు. రెండో హుకుం: అక్కర్లేని సైట్లన్నీ బంద్. అక్కర్లేనివి ఏవి సార్ అని అడిగితే "సబ్ కుఛ్" అన్నాడు. కంపెనీ మెయిలు, లారీల పేజీ, ట్యాక్సు పేజీ ఉంచి మిగతా ప్రపంచాన్నంతా మూసేసినాను. సారు కంప్యూటర్‌కి మాత్రం ఏ రూలూ లేదు. షేర్ మార్కెట్టు చూసుకోవాలి, క్రికెట్టు చూసుకోవాలి, పెద్ద బాధ్యతలు కదా. ఫొటో కూడా తనకి వద్దన్నాడు. నా మొహం నేనేటి చూసుకుంటాను అని.

తెలివైనోడు ఎవడైనా ఇలాంటి రూళ్ళు మనిషికి కడతాడు. ఎవరి పేరుతో లాగిన్ అయితే వాళ్ళ రూలు వాళ్ళకి. మా దగ్గర అది కుదరలేదు. మూడు షిఫ్టులోళ్ళూ, ఆఖరికి సారూ, ఒకే పేరుతో ఒకే పాస్‌వర్డు కొట్టి దూరిపోతారు. మార్చుకోండి బాబూ అంటే "చోల్‌ఛే తో దాదా" అంటారు బెంగాలీలో. నడుస్తోంది కదా, నీకేటి నొప్పి అని. అందుకని రూలు మనిషికి కాక సీపీయూ పెట్టెకి కట్టినాను. పెట్టెలన్నీ ఒక్కసారే కొన్నవి, ఒకదానికి ఒకటి తేడా తెలీదు. అందుకే ప్రతి పెట్టె మీదా ఏది ఎవరిదో చీటీ అంటించినాను. నా తెలివికి నేనే మురిసిపోయినాను కూడా.

గేటు పక్కన కాటా గదిలో ఒక అక్క ఉండేది. లారీ తూగినప్పుడు బరువు కంప్యూటర్లో కొట్టి చీటీ ఇవ్వడం ఆమె పని. ఊళ్ళోనే ఖరిదా అనే పేట నుంచి వచ్చేది. మన తెలుగువాళ్ళే. ఎన్నేళ్ళు గడిచినా కాంట్రాక్టు మీదే ఉంది. ఒకరోజు లంచ్‌లో నా గదికి వచ్చినాది.

"తమ్ముడూ, రైల్వేలో పోస్టులు పడినాయి. నా వయసుకి ఇదే ఆఖరి సారి, వచ్చే ఏడు అప్లై సేద్దారన్నా కుదరదు. ఫోన్‌లో కొడితే సగందాకా ఎల్లి ఫొటో కాడ ఆగిపోతంది. ఒక్క అరగంట నా కంప్యూటర్లో ఆ సైటు తెరుస్తావా?"

"సిస్టమ్ ఒప్పుకోదక్కా" అన్నాను.

రెండు నిమిషాల పని. కానీ సారుని అడగాలి, సారు మొహం చిట్లిస్తాడు, ఆ చిట్లింపు నేను భరించాలి. నాకెందుకొచ్చిన గొడవ? రెండోసారి వచ్చినాది, అదే చెప్పినాను. మూడోసారి "కంపెనీ పాలసీ" అని ఇంగ్లీషు ముక్క కూడా కలిపినాను. తలూపి వెళ్ళిపోయినాది.

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఖడగ్‌పూర్‌లో ఆ రోజు ఎవరూ పనిముట్టు ముట్టరు, పనిముట్లకే పూజ. ప్యాకింగ్ సెక్షన్‌లో అందరూ దాదా, అంటే అన్నయ్య, అని పిలిచే ఒకాయన పూజకి పెద్ద. కంప్యూటర్ కూడా యంత్రమే కదా అని నలభై పెట్టెలూ ఊడబీకించి విగ్రహం ముందు వరసగా పేర్పించినాడు. నేను అడ్డం పడితే "నువ్వు విశ్వకర్మకన్నా పెద్దోడివా?" అన్నాడు. ఆ రోజుల్లో నన్ను గట్టిగా అడిగితే అవుననే చెప్పేవాణ్ణి.

తర్వాత జరిగింది నేను చూడలేదు. కిచిడీ తింటన్నాను, ఒప్పుకుంటున్నాను. దేవుడి ముందు మురికి పెట్టెలు ఉండకూడదని దాదా కిరసనాయిలు గుడ్డతో అన్నిటినీ శుభ్రంగా తుడిపించినాడు. నా చీటీలన్నీ పీకి పారేయించి, అవి ఉన్నచోట చక్కగా బొట్లు పెట్టించినాడు. మర్నాడు ఏ బల్లకి ఏ పెట్టె చేతికొస్తే ఆ పెట్టె తగిలించేసినారు. అన్నీ వెలిగినాయి. నేను ఊపిరి పీల్చుకున్నాను.

సారు ఆ రోజు మధ్యాహ్నం వచ్చినాడు. మూడింటికి పిలుపు. వెళ్ళేసరికి సారు తెర మీద సారు ఫొటో. షేర్ మార్కెట్ అని కొట్టినాడు. "అనుమతి లేదు, మీ అడ్మిన్‌ని కలవండి" అని వచ్చింది. మళ్ళీ తెరిచినాడు. మళ్ళీ ఫొటో, క్రమశిక్షణ, నాలుగు ముక్కలు.

"యే కిస్ బేవకూఫ్ కా రూల్ హై?" ఏ తెలివితక్కువోడి రూలు ఇది అని.

ఆ రూలు కింద ఆయనే సంతకం పెట్టిన కాగితం నా సొరుగులో ఉంది. నేను నేల చూసినాను. "చూసి వస్తాను సార్" అని బయటపడి ఆయన పెట్టె కోసం బల్లబల్లకీ తిరిగినాను. స్టోర్సులో ఫొటో. అకౌంట్సులో ఫొటో. ఎక్కడ తెరిచినా సారే. ఆఖరికి గేటు దాకా వెళ్ళినాను. కాటా గదిలో ఫొటో లేదు. తెర మీద రైల్వే ఫారం ఉంది.

అక్క నన్ను చూసి లేచి నిలబడిపోయినాది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనేటీ సెయ్యలేదు తమ్ముడూ. సారు ఫొటో రానేదని ఊరికే కొట్టి సూసినాను, తెరుసుకున్నాది. అయిదింటికి ఆఖరు. ఇంకా సంతకం ఎక్కించాల, సర్టిఫికెట్లు ఎక్కించాల..."

జేబులో ఫోన్ మోగింది. సారు. "మిలా?" అన్నాడు, దొరికిందా అని. ఒక్క తీగ లాగితే చాలు, పెట్టె ఆయన బల్ల మీదుంటుంది, నేను మొనగాణ్ణి. అక్క పదోక్లాసు సర్టిఫికెట్టు పట్టుకుని నన్నే చూస్తోంది.

"పెద్ద వైరస్సు సార్. అయిదింటివరకూ ఎవరి పెట్టెనీ కదపకూడదు."

"ఠీక్ హై" అన్నాడు. అయిదయ్యేదాకా సారు తన మొహం తనే చూసుకుంటూ కూర్చున్నాడు.

"నువ్వు కానీ అక్కా" అన్నాను. బయట లారీవాళ్ళు హారన్లతో చెవులు చిల్లులు పెడుతున్నారు. కాటా ముల్లు చూసి చీటీలు చేత్తో నేను రాసినాను. అయిదు కావస్తుండగా ఫారం వెళ్ళినట్టు నెంబరొచ్చింది. ఎక్కడ పోతుందో అని అక్క కాగితం మీద రాసి, అరచేతిలో కూడా రాసుకున్నాది. తర్వాత నేను సారు పెట్టె సారుకి చేర్చి, వైరస్సు చచ్చిందని చెప్పినాను. భేష్ అన్నాడు.

మర్నాడు అక్క స్టీలు డబ్బాలో రవ్వలడ్డూలు తెచ్చినాది. ఒకటి నోట్లో పెట్టుకున్నాను.

"నువ్వు లారీ సీటీలు రాసినావు, ఆ మేలు మర్సిపోను. కానీ దారి సూపించింది మాత్రం విశ్వకర్మే తమ్ముడూ. నిన్ను మూడుమాట్లు ఊరికే ఇబ్బంది పెట్టినాను, ఏటనుకోకు. సిస్టమ్ ఒప్పుకోకపోతే నువ్వు మాత్రం ఏటి సేస్తావు పాపం?"

సిగ్గుతో చచ్చిపోయినాను. ఆ సిస్టమ్ నేనే అక్కా అని చెప్పాలి. నోట్లో లడ్డూ ఉందన్న వంకతో నములుతూ ఉండిపోయినాను.

"ఇంకొకటి తీసుకో" అన్నాది.

తీసుకున్నాను.