ఏడ్వని పిల్లలంటే భయపడ్డ పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ మొన్న గురువారం పొద్దున పోయింది. ముంబై దగ్గరి భివండీలో, నార్పోలిలోని మా గల్లీలో పుట్టిన పిల్లలందరికీ నీళ్లు పోసిన మనిషి. తక్కిన వేళల్లో సాంచెల షెడ్డులో, అంటే మరమగ్గాల దగ్గర, నూలు కండెలు చుట్టేది. నోరు కాస్త దురుసు.

ఆమె మంచితనం కంటే ముందు ఒక తప్పు చెప్పాలి. అందులో నాకూ వాటా ఉంది. మా మొదటి బాబు ఎనిమిదో నెలలోనే పుట్టాడు. ఇంటికి తెచ్చాక కదలకుండా నిద్రపోయాడు. మా గోడ అవతలే సాంచెలు నడుస్తాయి. "బంగారమసుంటి పిల్లగాడు, గింత చప్పుడుకు సుత లేస్తలేడు" అని పెద్దమ్మ మురిసిపోయింది. సాంచెల మోతకు లేవని పిల్లవాణ్ణి బుద్ధిమంతుడు అనడం మా గల్లీ అలవాటు. నేనూ గర్వపడ్డాను. మూడో రోజుకు బాబు ఒళ్లు చల్లబడింది. దవాఖానకు చేరేసరికే ప్రాణం పోయింది. ఒంట్లో ఇన్ఫెక్షన్ చేరిందనీ, పాలు తాగక నీరసించాడనీ, అది నిద్ర కాదనీ డాక్టరమ్మ చెప్పింది. పెద్దమ్మ నా పక్కనే నిలబడి విన్నది. ఆమె మీద నా కోపం చాలా రోజులు పోలేదు.

ఆ తర్వాత ఆమె పద్ధతే మార్చుకుంది. పుట్టగానే నీళ్లు పోయమంటే, ఒళ్లు చల్లబడుతుందని ఒప్పుకునేది కాదు. రోజూ పొద్దున్నే బాలింతల ఇళ్లకు వెళ్లి, పసివాళ్ల అరికాలి మీద వేలితో తట్టేది. ఏడిస్తే సంబరపడేది. "ఏడ్వనియ్యి బిడ్డా, గల్లీ అంత ఇననియ్యి" అనేది. ఏడ్వకపోతే దవాఖానకు ఆటో పిలిచేది.

మా పాప పుట్టిన నాలుగో రోజు పాలు తాగకుండా నిద్రపోతూనే ఉంది. నిద్ర చెడగొట్టొద్దని మా అత్త అడ్డుపడింది. "నువ్వూకో వదినె, ఒకపాలి మోసపోయిన" అంటూ పెద్దమ్మ పాపను రొమ్ముకు అదుముకుని ఆటో ఎక్కింది. ఆ పాప ఇప్పుడు మరాఠీ బడిలో మూడో తరగతి. పెద్దమ్మ లేకపోతే నాకు కూతురు లేదు.

ఇప్పుడు మా వాళ్ల కాన్పులన్నీ దవాఖానలోనే. పసివాళ్లు పోవడం మా గల్లీలో బాగా తగ్గింది. నెల తక్కువ పిల్లలకు, బరువు లేని పిల్లలకు మొదటి వారం మాత్రం ఇంకా గండమే. పెద్దమ్మ కాపలా అంతా ఆ వారానికే.

పాడె లేపేటప్పుడు షెడ్ల యజమానులైన సేఠ్‌లు సాంచెలు ఆపించారు. ఆ నిశ్శబ్దంలో గల్లీ చివర ఐదు రోజుల పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. శవం పోతుంటే పురిటింటి తలుపులు మూయడం మా ఆచారం. ఆ తల్లి బార్లా తెరిచి ఉంచింది. పిల్లను ఊరుకోబెట్టలేదు.