మారోతి పోగు

చంద్రభాగకు కాలు ఒకచోట నిలవదు. నాందేడ్‌లో ఆ వాడకట్టు మొత్తానికి తెలిసిన సంగతే ఇది. జిన్నింగు మిల్లులో పత్తి ఏరే ఆడవాళ్లంతా మధ్యాహ్నం రొట్టె మూటలు విప్పుకుని చతికిలబడితే ఆమె మాత్రం నిలబడే తింటుంది. తింటూ తింటూ వాకిలి దాకా పోయి వస్తుంది. "దీని అరికాళ్లల్ల పల్లేరుకాయలున్నయ్" అని అత్త ముత్తవ్వ ఊరికే అనదు.

అట్లాంటి మనిషికి సంతలో దిగంబర్ ఎదురై ఆ కబురు చెప్పాడు. దిగంబర్‌ది ఆమె పుట్టిన ఊరే, మాండవి పక్కన. కూరగాయల గంప దించుకుంటూ అన్నాడు: "మీ అన్న మారోతి శనివారం కిన్వట్ బండికి అస్తుండట. కలెక్టర్ కచేరిల పనుందట. నీ ఇంటికి గూడ అస్తనన్నడు. తినబుద్ధయితే చెయ్యి కడుగుత, లేకుంటే నీళ్లన్న ముట్టకుంట పొద్దుమీకి బండికే తిరుగుత అన్నడు."

చంద్రభాగ కొన్న వంకాయలు అక్కడే మరిచిపోయి ఇంటికి వచ్చింది.

అమ్మానాన్నలు పోయాక ఆమెకు పుట్టిల్లంటే మారోతి ఒక్కడే. ఆ ఒక్కడూ ఏడేండ్లుగా ఆమె గడప తొక్కలేదు. నాగులపంచమికి వాడలో ఆడవాళ్లంతా కొత్త గాజులేసుకుని పుట్టిళ్లకు పోతుంటే ఈమె రోజూలాగే జిన్నింగుకు పోయేది. ఎవరైనా అడిగితే "మిల్లుకు సుట్టీ లేదు" అనేది. మిల్లుకు సుట్టీ ఉందని అడిగినవాళ్లకూ తెలుసు.

ఇదంతా డెబ్బై రెండు కరువులో మొదలైంది. అప్పుడు చంద్రభాగ వాళ్లు ఇస్లాపూర్ దగ్గర అత్తగారి ఊళ్లో ఉండేవాళ్లు. భూమీ పుట్రా లేని కుటుంబం. సర్కారు కరువు పనికింద రోడ్డు వేస్తుంటే మారోతి చెల్లెలింట్లోనే దిగి, బావ రామదాస్ పక్కన కూర్చుని ఎండాకాలమంతా కంకర కొట్టాడు. మేత లేక పటేలు అమ్మేసిన ఎద్దొకదాన్ని వాడవాళ్లంతా కలిసి కొన్నారు. ఊరవతల కోసి పోగులు పెట్టారు. పోగులు పంచడానికి వాళ్లకొక కట్టుబాటుంది. ఒకడు వెనక్కి తిరిగి నిలబడతాడు. ఇంకొకడు ఏదో ఒక పోగు మీద చెయ్యి పెట్టి "ఇదెవరిది?" అంటాడు. తిరిగి నిలబడ్డవాడు చూడకుండానే ఒక పేరు పిలుస్తాడు. పిలిచిన పేరుకు ఆ పోగు. కండ వచ్చినా కడుపు పేగు వచ్చినా ఎవరూ మారు మాట్లాడరు.

ఆడవాళ్లు అక్కడికి పోరు. చంద్రభాగ ఇంట్లో కారం నూరుతోంది. మారోతి వచ్చి మోదుగాకులో రెండు బొక్కలూ కాస్త మాంసమూ పొయ్యి పక్కన పెట్టి, తువ్వాల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఏమైందంటే "ఏం గాలే" అన్నాడు. బొక్కలొచ్చినయని అలిగిపోయిండు, అంది వాడ. "మూలుగ బొక్కలే అవి! బామ్మర్దని నేనే మంచియి ఏరి పక్కకు పెట్టిన" అని రామదాస్ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. చంద్రభాగ వినలేదు. "బొక్కలు పెట్టి మా అన్నను ఎల్లగొట్టినవ్" అని ఏడేండ్లుగా మొగుణ్ని పొడుస్తూనే ఉంది. పాపం, రామదాస్ బొక్కలు తినడమే మానేశాడు.

అందుకే ఈసారి బొక్క మాటే ఉండకూడదనుకుంది. ఒకటే కండ, మందంగా, బొక్కా నరమూ లేనిది. అన్న ముందు పెడితే ఆనాటి సంగతి ఆ ముక్క కింద సమాధి కావాలి.

అట్లాంటి ముక్క ఎట్లా వండాలో రామదాస్ ఎరుగును. అతను స్టేషన్లో బండి నడిపేవాళ్లు బస చేసే చోట వంటింటి పనిలో ఉన్నాడు. సికింద్రాబాద్ నుంచి వచ్చే ఒక ముసలి డ్రైవరు దొర పెద్దకూర ముక్కను కొయ్యకుండా అరచెయ్యి మందాన పెనం మీద కాల్పించుకుని తినేవాడు. "జర ఉప్పు, మిరియాలు, అంతే" అని చెప్పాడు రామదాస్. "పెనం పొగలు గక్కాలె. ఒక దిక్కు ఏసినంక ముట్టద్దు. తిప్పినంక ముట్టద్దు. దించినంక గూడ జరసేపు ముట్టద్దు. రసమంత లోపల్నే ఉంటది. దూది తీర్గ ఉంటది." మూడుసార్లు ముట్టద్దన్నాడు. ఆ మూడూ చంద్రభాగకు చేతగానివే.

శనివారం తెల్లారీ తెల్లారకముందే ఇత్వారా బజారుకు పోయింది. ఎప్పుడూ కలగలుపు మాంసం కొనే మనిషి వెన్ను కింది కండ అడిగేసరికి కసాయి నవ్వాడు. "క్యా బాయీ, ఆజ్ లాటరీ లగీ క్యా?" అంటూనే మంచి ముక్క కోసి, "అండర్‌కట్ హై, మక్ఖన్!" అని, వెన్నలాంటిదన్నట్టు వేలితో నొక్కి చూపి ఆకులో చుట్టి ఇచ్చాడు. ఆమె దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు కొంగు కింద పెట్టుకుని వచ్చింది.

రామదాస్ డ్యూటీకి పోతూ పోతూ గడపలో ఆగి మళ్లీ చెప్పాడు, ముట్టద్దని. ఆమె తలూపింది. అతను సందు మలుపు తిరిగాడో లేదో పెనం పెట్టింది. ముక్క వేయగానే చుయ్యిమని లేచిన వాసనకు పక్కింటి సంగవ్వ వాకిట్లోకి వచ్చింది. "ఏమొండుతున్నవే, వాడంత తిరుగుతున్నది వాసన?"

"ఏం లేదక్కా, పెనం మాడింది" అనేసింది చంద్రభాగ.

పెద్దకూర వండిన రోజు పక్కింటికి గిన్నె పోకపోవడం ఆ గోడకు ఇటూ అటూ ఎన్నడూ లేదు. సంగవ్వ ఒక క్షణం చూసి లోపలికి పోయింది. చంద్రభాగ గిన్నె అందుకోబోయింది. కానీ ముక్క ఒకటే. కోస్తే అన్నకు పెట్టేదేముంది?

ఇక పొయ్యి దగ్గర కాలుగాలిన పిల్లి అయింది. వాకిలి దాకా పోయింది, వచ్చింది. అంచు లేపి చూసింది. అంటుకున్న మూల ఒకటి పెనానికే చిరిగిపోయింది. తిప్పింది, అణిచింది, మళ్లీ తిప్పింది. లోపల ఉడికిందో లేదో తెలియక కత్తి మొన దించింది. ఎర్రటి నీరు బుసబుసమని కారింది.

ముత్తవ్వ గోడకు ఆనుకుని చూస్తూనే ఉంది. "నెత్తురు కారుతాంది పిల్లా. అన్నకు పచ్చిది పెడ్తవా?"

అప్పుడు బొక్కలు, ఇప్పుడు పచ్చి మాంసం! ఇంకేమన్నా ఉందా? రామదాస్ దూదీ రసమూ అన్నీ ఎగిరిపోయాయి. ముక్కను గిన్నెలోకి తోసి, చెంబెడు నీళ్లు గుమ్మరించి, కారం, ఎల్లిగడ్డ వేసి మూతపెట్టింది. పుట్టినప్పటినుంచి ఎరిగిన వంట అదొక్కటే, ఉడకబెట్టడం. ఉడికింది, ఇంకా ఉడికింది. నీళ్లు ఇంకితే నీళ్లు పోసింది. మూత తీసిన ప్రతిసారీ ముక్క చిన్నదవుతూ వచ్చింది. చివరికి కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, పొద్దున అరచెయ్యి మందాన ఉన్నది పిడికెడైంది, నల్లగా, గట్టిగా. చంద్రభాగ అక్కడే నిలబడి ఏడ్చింది. ఏడవడానికి కూడా కూర్చోలేదు.

మధ్యాహ్నం బావా బామ్మర్దులిద్దరూ వచ్చారు. స్టేషన్లో కలిశారు గానీ మాట్లాడుకున్నట్టు లేదు. ఒకడు ముందూ ఒకడు వెనకా. మారోతి తల నెరిసింది. "మంచిగున్నవా చంద్రీ?" అని మంచం అంచున కూర్చున్నాడు. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టింది. అతను చెయ్యి కడగలేదు. చెంబు వంక చూసి ఊరుకున్నాడు.

ఆమె గబగబా కంచాలు పెట్టింది. రామదాస్‌కూ ముత్తవ్వకూ జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు. అన్న కంచంలో ఆ ముక్క, మొత్తంగా.

మారోతి ముక్కను చూశాడు. బావ కంచం చూశాడు. "గిదేంది?"

"ఒక్క బొక్క లేదన్నా. ఏరి ఏరి తెచ్చిన. అంత నీకే, నీ ఒక్కనికే."

మారోతి చెయ్యి భుజం మీది తువ్వాల మీదికి పోయింది. ఆ చెయ్యి చంద్రభాగకు తెలుసు. కరువులో పొయ్యి పక్కనుంచి లేచిన చెయ్యి అదే. ఆమె పోయి తలుపుకు అడ్డంగా నిలబడింది. "మల్ల ఏం తప్పు చేసిన? బొక్కలని గదా ఆనాడు పోయినవ్?"

"బొక్కలా?" మారోతి వింతగా చూశాడు. "మూలుగ బొక్కలను ఇడిసిపెట్టే పిచ్చోడు ఎవడే? ఎండల మీతోటి కంకర కొట్టిన. మీతోటి గంజి తాగిన. ఆడ పోగులు పెట్టి అందరి పేర్లు పిలిచిండ్రు. నా పేరొక్కటి పిలువలే. ఏరి, పక్కకు పెట్టిండు నీ మొగడు, సుట్టమొచ్చినట్టు. మీల ఒకన్ని గాదా నేను?" కంచం వైపు చూపించాడు. "ఇయ్యాల నువ్వు గూడ ఏరే పెట్టినవ్."

చంద్రభాగకు ఏడేండ్లు మొగుణ్ని తిట్టిన తిట్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి సిగ్గేసింది. రామదాస్‌నైతే చూడాల్సిందే. మర్యాద చేశాననుకున్న మనిషి ముఖం అది.

రామదాసే లేచాడు. కత్తి తెచ్చి ముక్కను కంచంలోనే కోశాడు. కొయ్యడం కాదు, పాతచెప్పు కోసినట్టు కిందామీదా పడ్డాడు. ఐదు పోగులు పెట్టాడు. "అటు తిరుగు" అన్నాడు పెళ్లాంతో.

ఆడమనిషి పేర్లు పిలవడం ఎక్కడా లేదు. అయినా ముత్తవ్వ కూడా కాదనలేదు. చంద్రభాగ గోడ వైపు తిరిగి నిలబడింది. కాళ్లు కదలకుండా నిలబడింది.

"ఇదెవరిది?"

"సంగవ్వక్కది."

"ఇదెవరిది?"

"అత్తమ్మది."

"ఇది?"

"మా... ఇంటాయనది." మొగుడి పేరు ఎట్లా పలుకుతుంది? వెనక ముత్తవ్వ కిసుక్కున నవ్వింది.

"ఇదెవరిది?"

"మా అన్నది."

"అన్న అంటే ఎవడు?" మంచం మీంచి మారోతి గొంతు. "పోగుల్ల వరస లేదు. పేరు పిలువు."

పెద్దన్నను పేరుతో పిలిచిన నోరు కాదది. గోడ మీది సున్నం గోటితో గీకింది. తర్వాత గట్టిగా, ఊరవతల మగవాళ్లు పిలిచినట్టే పిలిచింది.

"మారోతిది!"

వెనక చెంబు చప్పుడైంది. నీళ్లు పడ్డ చప్పుడు. ఆమె తిరిగి చూసేసరికి మారోతి చేతులు కడుక్కుంటున్నాడు.

అతనికి వచ్చింది పెనానికి అంటి చిరిగిన మూల ముక్క, అన్నిట్లోకీ అధ్వాన్నమైనది. ఎవరూ మారు మాట్లాడలేదు. నోట్లో పెట్టుకుని నమిలాడు, నమిలాడు, దవడ మార్చి నమిలాడు. "చెప్పు తీర్గ ఉన్నదే చంద్రీ" అన్నాడు. రామదాస్ ఇక ఆపుకోలేక నవ్వాడు. మారోతి కూడా నవ్వాడు.

చంద్రభాగ సంగవ్వ పోగు గిన్నెలో పెట్టి గోడ మీంచి అందించి వచ్చింది. ఐదోది మిగిలి ఉంది. దానికి ఇంకా పేరు పిలవలేదు.

"ఇదెవరిది?" అని మారోతే దాని మీద చెయ్యి పెట్టాడు. ఆమె జవాబు చెప్పేలోపే తనే అన్నాడు: "చంద్రభాగది. పంచమికి తోల్కపోనీకె నేనే అస్త. ఆడ గూడ నీ పేరు పిలిపిస్త."

చంద్రభాగ కొంగుతో కళ్లు తుడుచుకుని, అన్న పక్కన నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. తన పోగు మొత్తం కూర్చునే తింది.