చెరువు మస్టరు

దెయ్యాన్ని చూపించినవాళ్లకు నా మీసం గీసి పళ్లెంలో పెట్టి ఇస్తానని కంభంలో, గిద్దలూరులో, మార్కాపురంలో సభలు పెట్టి మరీ చెప్పినవాణ్ణి నేను. ఆ మీసం ఇప్పటికీ నా మొహం మీదే ఉంది. కూడలిలో దిష్టి తీసి పారేసిన నిమ్మకాయలు ఏరుకొచ్చి, అందరూ చూస్తుండగా షర్బత్ పిండుకుని తాగాను. శ్మశానంలో చాప వేసుకుని పడుకుంటే దోమలు తప్ప ఎవరూ పలకరించలేదు. ముప్పై ఏళ్లు బళ్లో సైన్సు చెప్పాను. రిటైరయ్యాక అవే పాఠాలు పెద్దవాళ్ల కోసం వ్యాసాలుగా రాస్తున్నాను.

ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ అనుభవం చదివి 'చూశారా, ఆయన కూడా దారికొచ్చాడు' అని ఎవరూ చంకలు గుద్దుకోకూడదు. నేను మారలేదు. మారగలిగితే నా ప్రాణానికి చాలా సుఖంగా ఉండేది. ఆ సుఖం ఏమిటో తర్వాత చెప్తాను.

మాది కంభం. పొద్దున్నే చెరువు కట్ట మీద నడవడం నాకు అలవాటు. రెండు కొండల మధ్య సందును కట్టతో మూస్తే వెనక సముద్రంలా నిలిచిన చెరువు అది. అయితే ఆ సముద్రం ప్రతి ఏడూ ఉండదు. గుండ్లకమ్మ ఏరు పారిన ఏడు నిండుతుంది, పారని ఏడు గొర్రెలు మేసే బీడవుతుంది. నీళ్లున్న ఏడు వానలు తగ్గగానే చేపపిల్లల్ని వదులుతారు. చలికాలంలో చేప అడుక్కి పోతుంది, వలకు సరిగా అందదు. శివరాత్రి దాటి నీరు తగ్గేకొద్దీ ఉన్న చేపంతా మిగిలిన లోతుల్లో కిక్కిరిసిపోతుంది. అసలు వేట అప్పుడే.

ఎండలు ముదిరాక ఇంకో చిక్కు. నీళ్లు వేడెక్కుతాయి. వలలో పడ్డ చేప పొద్దెక్కితే పాడైపోతుంది. అందుకని సాయంత్రమే వలలు కట్టి, తెల్లవారకముందే థర్మకోల్ తెప్పల మీద వెళ్లి, ఎనిమిదిన్నర కల్లా చేపను ఒడ్డుకు తెచ్చి ఐసుపెట్టెల ఆటో ఎక్కించాలి.

ఈ వేటకు ఒక ఆచారం ఉండేది. తూము దగ్గర పెద్ద బండ ఒకటి ఉంది. కాశయ్య అనే ముసలాయన దాని మీద నిలబడి, తెప్పలు నీళ్లలోకి దిగేటప్పుడు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేవాడు. పిలిచినవాడు తెప్ప మీద నుంచి 'ఓ' అని పలకాలి. ఎనిమిదిన్నరకు, తిరిగొచ్చే వేళ, మళ్లీ అదే పిలుపు, అదే 'ఓ'. అందరూ పలికేదాకా ఒక్క చేప కూడా ఆటో ఎక్కేది కాదు.

ఇక్కడితో ఆగి ఉంటే నాకు పేచీ లేదు. బతికున్నవాళ్ల పేర్లు అయిపోయాక కాశయ్య ఆ చెరువులో మునిగి చనిపోయినవాళ్ల పేర్లు కూడా పిలిచేవాడు. ఒక్కో పేరు తర్వాత ఒక ఊపిరి సేపు ఆగి, "ఆడనే ఉండు నాయనా" అనేవాడు. మనం వాళ్లను పిలవకపోతే వాళ్లు మనల్ని పిలుస్తారని వాళ్ల నమ్మకం.

ప్రకాశం జిల్లా హద్దులు కొత్తగా గీసిన ఏడాది చెరువు బాగా నిండింది. చేపపిల్లల్ని వదిలిన రోజు కట్ట మీద చిన్న సభ పెట్టి నన్ను కూడా మాట్లాడమన్నారు. నేను ఊరుకుంటానా? "ఉపాధి పనుల మస్టరులో చచ్చినవాళ్ల పేర్లు రాస్తే కేసు పెడతారు. చెరువు మస్టరులో పిలిస్తే మాత్రం దండం పెడతారా?" అన్నాను.

జనం విరగబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు ఓబులేసు. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు. అప్పటికి ముప్పై అయిదేళ్లుంటాయి. కాశయ్యకు స్వయానా మేనల్లుడు. "మామా, సారు నీ మస్టరు కొట్టేసినాడు. ఇంక ఇంటికి పో" అన్నాడు.

కాశయ్య నవ్వలేదు, కోప్పడలేదు. "కొట్టేస్తే కొట్టేసినారులే. ఎవురు పోయినారు, ఎవురు రాలేదు అని చూసేదెవురు సారూ?" అని మాత్రం అడిగాడు.

ఎవరి జేబులో వాళ్లకు సెల్‌ఫోను ఉంది కదా అన్నాను. చప్పట్లు కొట్టారు. ముప్పై ఏళ్లు పిల్లల హాజరు తీసుకున్నవాణ్ణి, ఆ ముసలాయన అడిగింది హాజరు గురించేనని గ్రహించలేకపోయాను. చచ్చినవాళ్ల పేర్లు తీసేసి బతికున్నవాళ్ల పిలుపు ఉంచుకోమని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నాకు గెలుపు కావాలి, అదీ మొత్తంగా కావాలి.

ఆ ఏటి వేటకు పిలుపు ఆగిపోయింది. కుర్రవాళ్లకు ఇది బాగా నచ్చింది. అందరి కోసం ఆగే పని లేదు కాబట్టి ఎవరు ముందు వల ఎత్తితే వాళ్ల చేప ముందు ఆటో ఎక్కుతుంది. ఒకరికంటే ఒకరు ముందు బయల్దేరడం మొదలైంది. అంతకుముందు పది తెప్పలు కలిసి కదిలేవి. ఇప్పుడు ఎవరి దారి వాళ్లది. ఓబులేసు అందరికంటే దూరం, గుండ్లకమ్మ వచ్చి కలిసే మూలకు, ఒంటరిగా వెళ్లేవాడు. అక్కడ చేప ఎక్కువ. బురద కూడా ఎక్కువే.

తర్వాతి ఎండాకాలం, ఒక ఉదయం. నేను తూము దగ్గర ఆ బండ మీదే కూర్చుని ఉన్నాను. చేతిలో ఒక మాసపత్రిక. అందులో నా వ్యాసం అచ్చయింది. కంభం చెరువు మీద ఒక మూఢాచారాన్ని ఎలా మాన్పించానో రాసుకున్న వ్యాసం. మార్కాపురంలో సభ ఉంది, తొమ్మిదింటి బస్సు అందుకోవాలి. అందుకే గడియారం చూసుకుంటూ ఉన్నాను. ఎనిమిది నలభై.

నీళ్ల మీద నుంచి 'ఓ' అని వినిపించింది.

కేక కాదు. సాయం కోసం అరిచే అరుపు కాదు. ఎవరో పేరు పెట్టి పిలిస్తే పలికినట్టు, కాస్త సాగదీసి. తలెత్తి చూశాను. ఎండ నీళ్ల మీద పడి కళ్లు చెదురుతున్నాయి. దగ్గర్లో నీళ్ల మీద తిరిగే తెప్ప ఏదీ లేదు. పిలిచినవాళ్లూ లేరు.

కాసేపటికి మళ్లీ 'ఓ'. ఈసారి అదే గొంతు కొంచెం దగ్గరగా అనిపించింది.

అప్పుడు నాకేమనిపించిందో దాచకుండా రాస్తాను. కుర్రవాళ్లు ఎక్కడో తుమ్మచెట్ల వెనక దాక్కుని నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. పిలుపు మాన్పించిన మాస్టారు బండ మీద కూర్చున్నాడు కాబట్టి పలికి భయపెట్టాలని చూస్తున్నారు. లేచి వెతికితే 'సారు బెదిరినాడు' అని ఊరంతా చెప్పుకుంటారు. కాబట్టి లేవకూడదు.

మూడోసారి, వస్తున్నానని మాటలు కూడా వినిపించాయి. "ఓ, వస్తాండా మామా."

నేను పత్రికలో పేజీ తిప్పాను. తర్వాత బస్సెక్కి మార్కాపురం పోయాను. ఆ రోజు సభలో బాగా మాట్లాడానని అన్నారు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి కట్ట మీద జనం. ఓబులేసు పొద్దున ఇంటికి రాలేదు. చేప అమ్మడానికి అటునుంచి అటే అర్ధవీడు వెళ్లి ఉంటాడని మధ్యాహ్నం దాకా భార్య లక్ష్మీదేవి అనుకుందట. ఫోను చేస్తే అది ఇంట్లోనే మోగింది. తడుస్తుందని తీసుకెళ్లలేదు. గోడకు ఛార్జింగులో ఉంది. నేను సభలో పొగిడిన సెల్‌ఫోను.

పొద్దు వాలేటప్పుడు దొరికాడు. గుండ్లకమ్మ మూలలో, తొడల దాకా బురదలో దిగబడి, కాళ్లకు తన వలే చుట్టుకుని, నిలబడినట్టే ఉన్నాడట. అలా దిగబడ్డ మనిషికి అక్కడ నీళ్లు గొంతు దాకా, తల వాలిస్తే మునకే. ఇంకో వేటగాడు ఆరున్నరకే ఓబులేసు తెప్ప ఖాళీగా ఉండడం దూరం నుంచి చూశాడు. తెప్ప వదిలి గట్టెక్కి ఉంటాడులే అనుకుని తన పని చూసుకున్నాడు. పిలుపు ఉన్న రోజుల్లో అయితే ఎనిమిదిన్నరకు బండ దగ్గర ఓబులేసు పేరు దగ్గర అందరూ ఆగిపోయేవాళ్లు. ఖాళీ తెప్ప మాట బయటికొచ్చేది.

మూడో రోజు పలకరించడానికి వెళ్తే లక్ష్మీదేవి నన్ను ఒకే ఒక్క మాట అడిగింది. "ఆ పొద్దు మీరు కట్ట మీదున్నారంట గదా సారూ. ఏమన్నా ఇనపడిందా?"

"లేదమ్మా" అన్నాను.

జీవితమంతా సత్యం, సత్యం అని బల్ల గుద్దినవాణ్ణి. ఆ అబద్ధం నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది.

పోస్టుమార్టం చేసిన డాక్టరును కలిశాను. ప్రాణం ఎన్నింటికి పోయిందని అడిగాను. నీళ్లు వెచ్చగా ఉన్నాయి, గంట కచ్చితంగా చెప్పలేమన్నాడు. ఆరింటికి పోయి ఉండొచ్చు, తొమ్మిదింటికీ పోయి ఉండొచ్చు.

తర్వాత కాశయ్య దగ్గరికి వెళ్లాను. ఆయన ఇల్లు చెరువుకు చాలా దూరం, ఊరికి అవతలి కొస. పిలుపు ఆపి తప్పు చేశామని అన్నాను. ఆయన మెల్లగా, "నేను ఆపలేదు సారూ" అన్నాడు. ఇంటి వాకిట్లో కూర్చుని, తిరిగొచ్చే వేళకు, ఎవరికీ వినపడకుండా నోట్లోనే రోజూ పేర్లు పిలుచుకుంటున్నాడట. మనసు ఊరుకోలేదట.

"ఎవురి పేరూ రెండో మాటు పిలవను. ఆ పొద్దు వాని పేరు కాడ నాలిక ముందుకు పోలేదు. మూడు మాట్లు పిలిచినా."

నేను ఆయనతో మూడు అనే మాట అనలేదు. నేను విన్నానని కూడా చెప్పలేదు. అప్పటికి ఈ లోకంలో ఎవరితోనూ చెప్పలేదు.

హేతువాది చేయవలసిన పని చేశాను. నాతో పనిచేసిన లెక్కల మాస్టారును తెప్ప మీద గుండ్లకమ్మ మూలకు పంపాను. సుమారు నాలుగు కిలోమీటర్లు. ఫోనులో సైగ ఇవ్వగానే గట్టిగా 'ఓ' అనమన్నాను. అదే ఎండాకాలం, అదే వేళ. గాలి ఆ రోజు లాగే నా వైపు నుంచి అటు వీస్తోంది. ఏమీ వినపడలేదు. గాలి లేని రోజు కూడా చూశాం. వినపడలేదు. చలికాలంలో, నీళ్ల మీద మంచు కమ్మిన పొద్దు, ఇంకోసారి చూశాం. చల్లటి గాలి నీటిని అంటుకుని ఉంటే శబ్దం దూరం పోతుందని పాఠంలో చెప్పినవాణ్ణే కదా. ఆ రోజు దోమ రొద లాంటిది ఏదో వినిపించింది. మాట తెలియలేదు. కొండల ప్రతిధ్వని కూడా పరీక్షించాను. పలికేవాడు దగ్గర ఉంటే తప్ప ఆ కొండలు పలకవు.

మొదట్లో సుఖం అన్నాను కదా, అదేమిటో ఇప్పుడు చెప్తాను.

నేను విన్నది దెయ్యమైతే నాది తప్పు కాదు. ఓబులేసు చీకట్లోనే చనిపోయాడు. నేను లేచినా, లేవకపోయినా ఒకటే. దెయ్యం లేకపోతే, నేను జీవితమంతా వాదించిందే నిజమైతే, ఎనిమిది నలభైకి ఓబులేసు గొంతు లోతు నీళ్లలో బతికే ఉన్నాడు. మూడుసార్లు పలికాడు. నేను పేజీ తిప్పాను. పక్కనే రెండు తెప్పలు కట్టేసి ఉన్నాయి.

రెండేళ్లు ఈ రెండింటి మధ్య నలిగాను. చివరికి కిందటి నెల లక్ష్మీదేవి ఇంటికి వెళ్లి ఆ రోజు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆమె గుమ్మంలో కూర్చుని తెగిన వల అల్లుతోంది. అంతా చెప్పాను. మూడుసార్లు పలికిన సంగతి, మామా అన్న సంగతి, కాశయ్య చెప్పింది, నాలుగు కిలోమీటర్ల దూరం, గాలి దిక్కు, మేము చేసిన పరీక్షలు, అన్నీ. చెప్తూ చెప్తూ ఉండగా నాకే తెలిసింది, నేను లాయరులా వాదిస్తున్నానని. జీవితంలో మొదటిసారి దెయ్యం తరఫున వాదిస్తున్నాను.

ఆమె వల పక్కన పెట్టలేదు. దారం కొస పంటితో కొరికి, అప్పుడు మాట్లాడింది.

"దెయ్యమయితే ఇంటికి రాడా సారూ? ఇద్దరు బిడ్డలుండారు. మీ కాడికెందుకు వస్తాడు? కట్ట మీద మనిషి కనపడినాడని పలికింటాడు, పానం ఉండంగానే."

ముప్పై ఏళ్లలో ఎందరో స్వాములతో, సోదెగాళ్లతో వాదించి నోరు మూయించాను. ఇంత సూటి తర్కం నాకెవరూ చెప్పలేదు. లేచి వచ్చేశాను.

ఇప్పుడు పిలుపు మళ్లీ మొదలైంది. కాశయ్య గొంతు లేవదు కాబట్టి బండ మీద నేను నిలబడి పిలుస్తాను. తెప్పల మీద నుంచి ఒక్కొక్కరూ పలుకుతారు. అందరూ పలికేదాకా ఆటో కదలదు. ఒక కుర్రవాడు 'సారు మస్టరులో సున్నా పెడతాడురోయ్' అని పక్కవాణ్ణి తొందరపెడుతూ ఉంటాడు. నేను నవ్వుతాను.

తర్వాత బండ కింద కూర్చున్న కాశయ్య చనిపోయినవాళ్ల పేర్లు మెల్లగా చెప్పుకుంటాడు. నేను వాదించడం మానేశాను, నమ్మడం మొదలుపెట్టలేదు. నాలుగు కిలోమీటర్ల అవతల నుంచి, ఎదురుగాలిలో ఆ గొంతు నా చెవిదాకా ఎలా వచ్చిందో, ఇంటి వాకిట్లో నోట్లో అనుకున్న పిలుపుకు నీళ్లలో ఉన్న మనిషి ఎలా పలికాడో నాకు ఈ రోజుకీ తెలియదు.

చివరి పేరు మాత్రం కాశయ్య చెప్పడు. నా వైపు చూస్తాడు. ఆ పేరు నేనే పిలవాలి. ఓబులేసూ అని పిలిచి, ఒక ఊపిరి సేపు ఆగుతాను. ఆ తర్వాత అనవలసిన మాట 'ఆడనే ఉండు నాయనా' అని నాకు తెలుసు. అది నోటికి రాదు.

వస్తాండా అన్నవాణ్ణి అక్కడే ఉండమని ఏ మొహం పెట్టుకుని చెప్పను?