వేలితో తిరగాల్సిన రబ్బరు

ఇంజనీరుగారి నోరు మూతపడటం ఆ వీధిలో చూసినవాళ్లెవరైనా ఉన్నారంటే అది వదినే. వదినంటే మేస్త్రీకి అన్న భార్య. ఇంటి ముందరి రేకుల షెడ్డులో మేస్త్రీ పాత మోటారుసైకిళ్లు బాగుచేస్తాడు. షెడ్డు వైపున్న వంటింటి కిటికీలోంచి వదిన అన్నీ వింటుంది, అడక్కపోయినా సలహా చెబుతుంది.

ఆ ఇంజనీరు తళతళలాడే బూట్లేసుకుని వచ్చి, తన బండి పెట్రోలు ట్యాంకుకి మూడుసార్లు అతుకు వేయిస్తే మూడుసార్లూ కారిందని విరుచుకుపడ్డాడు. "ఈ వీధిలో ఒక్కడికీ పని రాదయ్యా!" అన్నాడు. మేస్త్రీ దినపత్రికలోంచి ఓ ముక్క చింపి ట్యాంకుకీ, కింద ఫ్రేము గొట్టానికీ మధ్య సందులో దూర్చాడు. మెల్లగా జరుపుకుంటూ పోతే ఒకచోట కాగితం ఇరుక్కుంది. బండి స్టార్టు చేసి రెండు నిమిషాలాగి లాగాడు. కాగితం మధ్యలో బొట్టుబిళ్లంత చిల్లు.

"ఇక్కడ ఇనుము ఇనుమును తింటోంది సార్. అతుకు వేసినవాడి తప్పు కాదు, ట్యాంకు బిగించినవాడిది. ఎవరు బిగించారు?"

బిగించింది ఇంజనీరే. ఆదివారం పూట, సొంత చేత్తో, పళ్లు బిగబట్టి, బలంకొద్దీ. ఆయన బూట్ల వంక చూసుకుంటూ నిలబడిపోయాడు. కిటికీలోంచి వదిన దగ్గింది. అది దగ్గు కాదని మరిదికి తెలుసు.

మరిది పన్నెండేళ్లప్పుడు ఆవిడ ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. ఆ కొత్తలోనే వాడు అన్న సైకిలు విప్పి, మళ్లీ బిగించలేక మంచం కింద దాక్కున్నాడు. ఆ తర్వాత బిగించడం నేర్చుకున్నాడు, దాక్కోవడం మాత్రం మానలేదు. పెళ్లి మాటెత్తితే స్పానరు వెతుక్కుంటూ షెడ్డులోకి పోయేవాడు. అలా వెతుక్కుంటూ వెతుక్కుంటూ అరవై దాటించాడు. అన్న పోయాక ఇంట్లో ఇద్దరే మిగిలారు. పొద్దున్న లేచి షెడ్డు తలుపు తీయడానికే ఆ మనిషి బతుకుతున్నట్టుంటుంది. ఆదివారం షెడ్డు మూస్తే వదిన వెనకాలే ఇల్లంతా తిరిగి ఆవిడ ప్రాణం తీస్తాడు.

వచ్చినవాళ్లందరికీ ఒకటే పాఠం. ట్యాంకు కింద రబ్బరు వాషర్లుంటాయి. బోల్టు బిగించాక కూడా ఆ రబ్బరు వేలితో తిప్పితే బరువుగా తిరగాలి. అసలు తిరక్కపోతే బిగువు ఎక్కువైనట్టు, జారినట్టు తిరిగితే తక్కువైనట్టు. ఇంజను అదురంతా రబ్బరు మింగాలి. రబ్బరు నలిగిపోతే ఆ అదురు ట్యాంకు మీద పడుతుంది, అతుకు విచ్చుకుంటుంది. వదిన ఈ పాఠం బట్టలారేస్తూ వింది, గిన్నెలు తోముతూ వింది, జ్వరమొచ్చి ముసుగుతన్ని పడుకునీ వింది. బడికి రెండేళ్లే పోయింది గానీ, ఇందులో పరీక్ష పెడితే మొదటి మార్కు ఆవిడదే.

అందరికీ పాఠం చెప్పే మేస్త్రీ చేతిలోంచి డ్రిల్లు మాస్టారి బండి వెళ్లినట్టే వెళ్లి మళ్లీ మళ్లీ వచ్చింది. మాస్టారు రిటైరై పదేళ్లయినా నడక మాత్రం ఇంకా కవాతే. ఆయన బండి వదిన పెళ్లికంటే పాతది. మొదటిసారి ట్యాంకు కారితే మేస్త్రీ అతుకు వేయించి బిగించాడు. రెండు వారాలకి మళ్లీ కారింది. మళ్లీ బిగించాడు, మళ్లీ కారింది. మూడోసారి బిగించినా అంతే. వంటింట్లో నీళ్లు తాగినా పెట్రోలు తాగినట్టే ఉండేది.

"నాలుగోసారి, మేస్త్రీ!" అన్నాడు మాస్టారు. "గురువారం వచ్చి దగ్గరుండి చూస్తాను. ఈసారీ కారిందంటే నాలుగురోడ్ల దగ్గర కొత్తగా షెడ్డు పెట్టినవాడి దగ్గరికి పోతాను. మనసులో పెట్టుకోకు."

మాస్టారు పోతే ఆయన వెనకే పాతబళ్ల వాళ్లందరూ పోతారు. ఆ సంగతి మేస్త్రీకీ తెలుసు, కిటికీకీ తెలుసు.

వదినకి ఒళ్లు మండిపోయింది. మరిదికి ఏదో అయింది, నోరు విప్పడు. ఆర్నెల్లలో అయిదు కప్పులు పగలగొట్టాడు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి పెళ్లికూతురు ముస్తాబయినంత సేపు పడుతోంది. చూపు తగ్గిందనుకుని ఆవిడ పోరుపెట్టి కళ్లజోడు చేయించింది. కళ్లజోడు పెట్టుకుని ఆరో కప్పు కూడా పగలగొట్టాడు.

బుధవారం మరిది స్నానానికి పోయినప్పుడు ఆవిడ షెడ్డులోకి వెళ్లి, మాస్టారి బండి ట్యాంకు కిందికి వంగి చూసింది. రబ్బరు వాషరు అప్పడంలా అణిగిపోయి అంచులు పైకి ఉబ్బి ఉంది. వేలు పెట్టి తిప్పబోయింది. కదల్లేదు. రెండో పక్కా అంతే. అప్పుడు ఆవిడకి అర్థమయింది. ఇంజనీరు నోరు మూయించిన మనిషే ఇంజనీరు చేసిన తప్పు చేశాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు.

మరిది తల తుడుచుకుంటూ రాగానే, పొయ్యి మీంచి అప్పుడే దించిన టీ స్టీలు గ్లాసులో పోసి చేతికిచ్చింది. ఆవిడే చీర కొంగుతో పట్టుకుంది దాన్ని. వాడు ఉత్త చేత్తో అందుకుని, తాపీగా నిలబడి, వీధిలోకి చూస్తున్నాడు.

"కాలడం లేదూ?"

వాడు గ్లాసు వంక చూశాడు. గబుక్కున కింద పెట్టాడు. ఆలస్యమైపోయింది.

"ఎన్నాళ్లయింది?"

"ఏది వదినా?"

"నా దగ్గర నాటకాలాడకు. మంచం కింద దూరినవాణ్ణి కాళ్లు పట్టి లాగింది నేనే."

"ఆర్నెల్లు," అన్నాడు. "ఈ రెండు వేళ్లూ, బొటనవేలూ. డాక్టరు దగ్గరికి పోయాను. నలభై ఏళ్లు అదురు పట్టిన వేళ్లట, పోయినంతమేర పోయినట్టే అన్నాడు."

"నాకు చెప్పడానికి నోరు కూడా మొద్దుబారిందా?"

"రబ్బరు తిరుగుతోందో లేదో తెలీడం లేదు. ఎక్కడ వదులుగా ఉండిపోతుందోనని భయం. ఇంకొంచెం, ఇంకొంచెం అని బిగించేస్తున్నాను."

"రేపు ఆ మాస్టారికి చెప్పెయ్."

"చెప్తే ఇంక నాకేం మిగుల్తుంది వదినా?"

"చెప్పకపోతే పెట్రోలు మిగుల్తుంది, నేల మీద."

వాడు ఆ పూట అన్నం సగం వదిలేశాడు. ఆవిడా బతిమాలలేదు. బతిమాలితే ఇంకా బిగుసుకుపోతాడు.

గురువారం మాస్టారు చెప్పిన టైముకి వచ్చి, చేతులు కట్టుకుని బండి పక్కన నిలబడ్డాడు. మేస్త్రీ అప్పటికే కొత్త రబ్బర్లు వేశాడు. ట్యాంకు పొట్టకి తగులుతున్న కింది బోల్టుని తలకిందులు చేసి సందు పెంచాడు. ట్యాంకు ఎత్తి కూర్చోబెట్టాడు. అంతవరకూ చెయ్యి తిరిగిన పని. స్పానరు అందుకుని బోల్టు ఒక చుట్టు తిప్పాడు, ఇంకో అర చుట్టు. రబ్బరు మీద వేలు పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

"ఏం మేస్త్రీ, ఆగిపోయావ్?" అన్నాడు మాస్టారు.

కిటికీ వెనక వదిన పెదవి కొరుక్కుంది. ఇంకో పావు చుట్టు బిగిస్తే మళ్లీ ఆ పాత కథే. పోయి ఆ స్పానరు లాక్కుందామనిపించింది. కదల్లేదు.

మేస్త్రీ స్పానరు బోల్టు మీదే వదిలేసి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. మాస్టారి కళ్లలోకి చూశాడు.

"ఆర్నెల్లుగా నా వేళ్లకి స్పర్శ లేదు మాస్టారూ. మీ ట్యాంకు మళ్లీ మళ్లీ కారింది అందుకే. తప్పు నాదే," అన్నాడు. మాస్టారి చేతులు వాటంతటవే కిందికి దిగాయి. ఏం జవాబొస్తుందో అని మేస్త్రీ ఎదురుచూడలేదు. కిటికీ వైపు తిరిగాడు.

"వదినా! ఎలాగూ వింటున్నావుగా. చేతులు శుభ్రంగా కడుక్కుని ఇలా రా. ఈ స్టూలు మీద కూర్చుని, రబ్బరు మీద వేలు పెట్టి తిప్పుతూ ఉండు. నేను బిగిస్తుంటాను. బరువుగా తిరుగుతోంది అనిపించగానే నన్ను ఆపు. ఈ రోజొక్కటే కాదు, ఇకమీదట వచ్చే ప్రతి బండికీ నువ్వే చెప్పాలి."