బెండకాయ పూల కార్డు

మా అత్తకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, ఎమ్మిగనూరులోని మా ఇంట్లో రోజులన్నీ ఒకేలా గడిచేవి. ఒళ్లు తుడవడం, తినిపించడం, పక్క మార్చడం, మధ్యలో వంట. మా ఆయన మగ్గం దిగినప్పుడల్లా సాయం పట్టేవాడు. మాటల్లో ఆమెకు మిగిలింది "కాదు" ఒక్కటే. ఆకలైనా కాదే, నొప్పైనా కాదే.

వేళ్లకు పని చెప్పమని ఫిజియోథెరపీ ఆయన రబ్బరు బంతి ఇచ్చాడు. అత్త దాన్ని ఎడమచేత్తో మంచం కిందికి విసిరేసేది. ఒకరోజు ఆమె పక్కన కూర్చుని బెండకాయలు తరుగుతున్నాను. అత్త తొడిమ ముక్కనొకదాన్ని కుడిచేతి వేళ్ల మధ్య ఇరికించుకుని, ఆ చేతిని ఎడమచేత్తో పట్టి, కాయలు కడిగిన గిన్నెలోని పసుపు నీళ్లలో ముంచి నేలమీద అద్దింది. ఐదు రేకుల పువ్వు పడింది. దాన్నే చూస్తూ మళ్లీ అద్దింది.

రంజాన్ నెల నడుస్తోంది. ఆదోనిలో అత్త స్నేహితురాలు ఒకామె ఉంది. మా మగ్గం చీరలు తీసుకుపోయి అక్కడి వీధుల్లో అమ్మేది. మోకాళ్లు అరిగి కొన్నేళ్లుగా రావడం మానేసింది. ఆమెకు పండగ కార్డు చేద్దామా అని అడిగితే అత్త "కాదు" అంటూనే తల ఊపింది.

అట్ట కాగితం, ఎర్ర ఇంకు ప్యాడ్ కొనుక్కొచ్చాను. బెండకాయ ముక్కను ఇంకులో అద్ది ఆమె వేళ్లలో పెట్టి, మణికట్టు నేను పట్టుకోవాలి. రోజుకు రెండు మూడు పూలు పడేసరికే ఇద్దరం అలసిపోయేవాళ్లం. కొన్ని అలికిపోయాయి. పూలయ్యాక అంచు చుట్టూ సూదితో బెజ్జాలు పొడిచి, మగ్గం దగ్గర మిగిలిన ఆకుపచ్చ నూలుతో కుట్టడం మొదలుపెట్టాను. అత్త సూది లాక్కుంది. ఎడమచేత్తో దారం గుంజితే కాగితం పర్రున చిరిగింది. ఆమె ఏడ్చింది. నాకు కోపం కూడా రాలేదు, దానికీ ఓపిక ఉండాలి. చిరిగినచోట వెనకనుంచి చీర పేలిక పెట్టి, అడ్డదిడ్డంగా కుట్టేశాను.

ఆదివారం అత్తను మా ఆయనకు అప్పగించి ఆదోని బస్సెక్కాను.

అత్త స్నేహితురాలు మంచం మీద కూర్చుని ఉంది. కార్డు ఒళ్లో పెట్టుకుని పూలను ఒక్కొక్కటిగా వేలితో తడిమింది. బెండకాయతో అద్దినవని చెబితే చాలాసేపు నవ్వింది, ఆ నవ్వులోనే కళ్లు ఒత్తుకుంది.

"చెయ్యి కదులుతాందామ్మా?"

"కొంచెం. నేను పట్టుకుంటే కదులుతాది."

తాను ఒక్కపొద్దులో ఉండి కూడా కోడలితో నాకు టీ పెట్టించింది. అత్త సంగతులు అడుగుతూ అడుగుతూ నా ముఖం చూసి ఆగిపోయింది.

"నువ్వు సరింగా నిద్దరపోయి ఎన్నాళ్లయింది?"

వేళ్లమీద లెక్కపెట్టబోయి మానేశాను. ఆమె గోడ పట్టుకుని మెల్లగా లేచి, పక్కనున్న కుర్చీలోకి మారింది.

"ఈడ పండుకో. ఎవురూ లేపరు."

మెలకువ వచ్చేసరికి ఎండ వాలిపోయింది. నా మీద ఎవరో దుప్పటి కప్పారు. గాబరాగా ఇంటికి ఫోన్ చేస్తే, అమ్మ బాగానే ఉంది, తొందరేం లేదన్నాడు మా ఆయన. ఒక్కపొద్దు విడిచే వేళ అందరితోపాటు నా చేతిలోనూ ఖర్జూరాలు పెట్టారు. వచ్చేటప్పుడు ఆమె గడప దాకా వచ్చింది.

"మల్లా రా. కార్డు తేకున్నా రా."

బస్సు కిక్కిరిసి ఉంది. కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాను. ఇంటికి చేరేసరికి అత్త పక్క తడిసి ఉంది. దుప్పటి మార్చి, పొయ్యి వెలిగించాను.