రెండో బంతి

సుల్తానాబాద్ దగ్గర ఫంక్షన్ హాల్ కట్టించిన ఆ యజమాని గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అప్పుడు నేను కరీంనగర్‌లో ఒక ఇంజనీరు ఆఫీసులో ప్లాన్లు గీసేదాన్ని. అనుమతికి పెట్టే ప్లాన్‌లో హాలు లోపల ఎంతమంది పడతారో రాయాలి. అది కుర్చీలు లెక్కపెట్టి రాసేది కాదు. హాలు వైశాల్యాన్ని మనిషికి చదరపు మీటరున్నర చొప్పున భాగించాలి. అతని హాలు పై అంతస్తులో భోజనాలు పెట్టే చోటు తొమ్మిది వందల చదరపు మీటర్లు. ఆరు వందల మంది అని రాశాను. ఐదు వందలు దాటితే బయటికి మూడు దారులుండాలి కాబట్టి మూడు చోట్ల మెట్లు గీశాను.

మూడో మెట్లు అతనికి గిట్టలేదు. ఆ జాగా కలుపుకుని వంటగది పెద్దది చేసుకుందామని ఆశ. నా టేబుల్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుని పాఠం మొదలుపెట్టాడు.

"ఆరు వందల మంది ఏడికెళ్లి వచ్చిండ్రు మేడం? మేం బంతికి మూడు వందల మందినే కూసోబెడ్తం. మొదటి బంతి తిని లేచినంకనే రెండో బంతి."

"రెండో బంతోళ్లు అప్పటిదాక ఏడుంటరు?"

"ఏడుంటరు, కుర్చీల ఎనుక నిలబడ్తరు. మీరు ఎన్నడు పెండ్లికి పోలేదా?"

"మరి వాళ్లను లెక్కల రాయద్దా?"

"నిలబడ్డోళ్లది ఏం లెక్క? తినేటోళ్లదే లెక్క."

తన నోటితో తనే ఆరు వందలు ఒప్పుకున్నాడు, ఆ సంగతి మాత్రం తలకెక్కలేదు. నేను మా సార్ వైపు చూశాను. ఆయన కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే, "ఆయన చెప్పినట్టు మార్చమ్మా. గింత దానికి పరేషాన్ ఎందుకు?" అన్నారు. యజమాని మీద కన్నా ఆయన మీదే నాకు ఎక్కువ కోపం. అతను తెలియక అన్నాడు, ఈయన తెలిసి అన్నారు.

నేనూ తెలిసే మార్చాను. మూడు వందలు అని రాసి, మూడో మెట్లు చెరిపేశాను. ఉద్యోగం వదిలేసి బయటికి నడిచే రకాన్ని కాదు నేను. ఇంటికి పోయి ఆ కోపం అన్నం మీద చూపించాను.

మరుసటి ఏడు మా చుట్టాల పెళ్లి అదే హాల్లో జరిగింది. మా అవ్వను తీసుకుని వెళ్లాను. మధ్యాహ్నం భోజనాలకు మాకు మొదటి బంతిలో చోటు దొరకలేదు. అవ్వ ఎవరిదో కుర్చీ పట్టుకుని నిలబడింది, నేను పక్క కుర్చీ పట్టుకున్నాను. ప్రతి కుర్చీ వెనకా ఒకరు ఉన్నారు. అప్పుడే వంటగదిలో కడాయిలో నూనె అంటుకుంది. మూత పెట్టి ఆర్పేశారని తర్వాత తెలిసింది గానీ, అప్పుడు మాకు కనిపించింది నల్లటి పొగే. తినేవాళ్లు ఎంగిలి చేతులతోనే లేచారు. వెనక్కి జరుగుదామంటే మాకు చోటు లేదు. అందరూ ఉన్న రెండు మెట్ల మీదే పడ్డారు. అవ్వ చెప్పులు ఎక్కడో పోయాయి, ఎవరిదో మోచేయి ఆమె దవడకు తగిలింది.

"నువ్వే గద బిడ్డా గీ హాల్ గీసింది," అంది అవ్వ నా చేయి గట్టిగా పట్టుకుని. పొద్దుటి నుంచి ఆ మాట కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంది. "ఇంకో తొవ్వ ఎటున్నదో జల్ది చెప్పు."

"లేదవ్వా. ఉండె. నేనే తీసేసిన."

అవ్వ నా మొహంలోకి ఒకసారి చూసింది. నా చేయి వదిలేసి, ముందున్న ఎవరో తెలియనామె కొంగు పట్టుకుంది.